చెన్నరాయప్ప ద్వాతీన్ విజయము

మామిడికాయలన్నియు మండికి తరలిపోయి తోటలలో ఆకులు మాత్రమే మిగిలినదియు, వత్తుమా మానుదుమా యని మేఘములు తర్జనభర్జన పడుచుండగా శ్రీనివాసపురం తాలూకా రైతులందరికిని తలలెత్తి చూచి చూచి మెడలు పట్టుకొనిపోయినదియు, బోరునీటి పుణ్యమున మల్బరీతోటలు మాత్రము పచ్చగా నవ్వుచున్నదియు నగు ఆషాఢమాసమున, గౌనిపల్లి యను గ్రామమున, ఒక శనివారము ప్రొద్దున, లోకము కనీవినీ ఎరుగని యుద్ధమొకటి జరిగెను. లోకము ఎరుగదన్నమాట నిజమే. ఆ దినమున లోకమునకు వేరే పనులుండెను. వినదగిన యుద్ధమును వినకపోవుట లోకము తప్పు గాని యుద్ధము తప్పు కాదు గదా!

ఓ జిగురుతల్లీ! అతుకవలసినచోట అతుకక, వేళ్లను మాత్రము విడువక పట్టుకొను మహామాయా! నా నాలుకకు అంటుకొనక, నా కథకు అంటుకొని, ఈ వీరగాథను చివరిదాక ఊడకుండ నిలుపుము.

ఆ గ్రామమున చెన్నరాయప్ప యను వీరుడు గలడు. సూక్ష్మాతిసూక్ష్మవస్తుసంధానధురంధరుడు, భూతద్దవిశాలనేత్రుడు, పట్టకారాయుధపాణి, ఇంట చెప్పినమాట దాటనివాడు. కోలారు బంగారుగనుల పట్టణమున మట్టితవ్వు యంత్రములు చేయు ఫ్యాక్టరీలో చిరకాలము ఫిట్టరుగా నుండి, రిటైరై, సొంత ఊరికి వచ్చి చూచుసరికి, అచ్చట మల్బరీతోట మొదలు పాలక్యాను వరకు సమస్తసామ్రాజ్యమును ఆయన ధర్మపత్ని చిక్కమ్మ ఏలుచుండెను. ఆయన కొడవలి పట్టిన "ఉండయ్యా, వేలు కోసుకుంటావు" అనును. పాలు పిదుకబోయిన "ఉండయ్యా, ఆవు తంతాది" అనును. ఇనుమును వెంట్రుకవాసి తేడా లేకుండ అరగదీసిన ఆ చేతులు రెండును మోయుటకు తప్ప మరి దేనికిని పనికిరాక, మోకాళ్లమీద ఊరక పడియుండెను. చేతులున్నవానికి చేతిపని లేకపోవుట ఎంత బాధయో, ఆ బాధ పడినవానికే తెలియును.

ఆయనకు ఒక ప్రాణమిత్రుడు గలడు. అతడు డెన్నిస్. ఫ్యాక్టరీలో ఒకే బల్లకు అటు అతడు, ఇటు ఇతడు. ఇప్పుడు అతడు ఆ గనుల పట్టణమునందే చాంపియన్ రీఫ్స్‌లో, మూతపడిన గని గోపురము క్రింద, తాతనాటి గనికూలీల లైను ఇంటిలో నివసించుచు, ప్లాస్టిక్కు ముక్కలను అతికి యుద్ధవిమానముల బొమ్మలు చేయుచుండెను. ఇవి పిల్లలాడుకొను బొమ్మలని ఎవరైన అన్నచో వానితో మాటలు మానును. అసలు విమానమును నలుబది యెనిమిదవ వంతునకు కుదించి, లోపలి మీటలు, గడియారములు, సీటుపట్టీలు కూడ ఉన్నవి ఉన్నట్లు చూపు మహాశిల్పములవి.

ఒకనాడు చెన్నరాయప్ప మిత్రుని చూడబోగా, డెన్నిస్ టీ గ్లాసు ప్రక్కన ఒక అట్టపెట్టె పెట్టి, మీసము సవరించి ఇట్లనెను.

"ఇదో చూడు చెన్నా. ఫ్రెంచోళ్ల ఫైటర్. ద్వాతీన్ అంటారు. హిట్లరు గలాటాలో ఎగిరినది. పార్ట్‌లు చూసినావా, గసగసాల మాదిరి ఉండాయి. నా వల్లనే కాలేదప్పా. నువ్వేమో పట్టుపురుగులింట్లో కూర్చోని ఉండావు. నీ చేత ఇంగ ఏమవుతాది?"

ఈ మాటలు వీరుని చెవులలో శూలములై నాటుకొనెను. ఆయన లేచి నిలిచి పలికిన ప్రతిజ్ఞను కావ్యభాషలో చెప్పవలెనన్న ఇట్లుండును: "ఓరి గనిగోపురచ్ఛాయానివాసీ! వినుము. మీ విమానముల ప్రదర్శన జరుగు ఆదివారమున, మీ చర్చి ప్రక్కనున్న సభామందిరమున, సర్వాంగసంపూర్ణమైన ఈ ఫ్రెంచి విమానరాజమును నీ ఎదుట నిలిపెదను. ఒక్క అంగము లోపించెనా, ఈ జన్మమున జిగురు ముట్టను!" ఆయన నిజముగా అన్న మాట మాత్రము ఇది: "ఇయ్యి ఇట్ల. చేస్తా. ఒక్క పార్ట్ తగ్గినా ఇంగ జిగురు ముట్టను."

"మాటంటే మాట," అనెను డెన్నిస్.

పెట్టె చంకనిడుకొని వీరుడు ఇల్లు చేరెను. అచ్చట మొదటి శత్రువు గడపలోనే నిలిచియుండెను. ఆ శత్రువు పేరు వాసన.

పట్టుపురుగును మించిన సుకుమారి ఈ సృష్టిలో లేదు. బీడీపొగ, సెంటు, ఊదుబత్తి, తలనొప్పిమందు, వీటిలో ఏది సోకినను అది మేత మాని, తల వాల్చి, రైతు నోట మట్టికొట్టును. కావున పురుగులింటి మహారాజ్ఞి యగు చిక్కమ్మ ముక్కే ఆ రాజ్యమునకు కోట, కందకము, కావలికుక్క. వీరుడు జిగురు మూత తీసినాడో లేదో, రెండు గదుల అవతలినుండి కేక వచ్చెను.

"ఏమయ్యా, ఏమి వాసన అది?"

"జిగురు."

"బయటికి."

ఈ ఒక్కమాటతో ద్వాతీన్ నిర్మాణశాల మామిడితోటలోని పంపుసెట్టు గదికి తరలిపోయెను. అచ్చట మోటారు ప్రక్కన, బల్లులు రెండు సాక్షులుగా, చెన్నరాయప్ప యుద్ధారంభము గావించెను. సాయంకాలము ఇంటికి రావలెనన్న ముందు పంపునీట తల తడియ స్నానము చేయవలెను. చేసిన పిదప చిక్కమ్మ ఆయన తల వంచి జుట్టు వాసన చూడవలెను. చూచి "ఊఁ" అన్ననే అన్నము. "ఊఁహూఁ" అన్నచో మరల పంపునకు.

ఇక ఆ యుద్ధమును ఏమని వర్ణింతును! విమానదేహము రెండు దళములుగా పెట్టెలో నుండెను. ఆ రెండును దాయాదులవలె ఒకదాని మొగము ఒకటి చూడక, ముందు అతికిన వెనుక విడిపోవుచు, వెనుక అతికిన ముందు నోరు తెరచుచు వీరుని ముప్పుతిప్పలు పెట్టెను. ఆయన పాలప్యాకెట్ల రబ్బరుబ్యాండ్లు తెచ్చి వాటిని కట్టిపడవేసెను. చీమతలకాయంత గురిచూచు అద్దము పట్టకారునుండి ఎగిరి మోటారు క్రింద దాగినప్పుడు, బోరు ఆపి, బోర్లపడి, బొడ్డుకు గ్రీజు పూసికొని దానిని పట్టితెచ్చెను. రెక్కలలోని మరతుపాకుల గొట్టములకు సూదితో రంధ్రములు చేసెను. ఎరుపు తెలుపు నీలపు చక్రముద్రలను నీట నానబెట్టి రెక్కలకు అంటించుచుండగా, ఒక చక్రము మాయమయ్యెను. అది ఆయన మోచేతికి అంటుకొని, శ్రీనివాసపురం సంతకు పోయి, బీరకాయలు బేరమాడి, మరల ఇల్లు చేరిన పిమ్మట దొరికెను.

రంగులు మాత్రము నీళ్లలో కలుపునవి తెప్పించెను. చిక్కమ్మ ప్రతి సీసాకును ముక్కు ఆనించి, "దీనికేమీ వాసన లేదు, ఇది సుమ్నే, ఉత్త నీళ్లే" అని తీర్పు చెప్పగా, రంగు వేయు పనికి ఇంటి వసారాలో అనుమతి లభించెను. బూడిదవన్నె నీలము, అడవి ఆకుపచ్చ, ఎండిన మన్నురంగు, మూడును మేఘములవలె ఒకదానిపై ఒకటి ఒరిగి విమానము మేనిని కప్పెను. శుక్రవారము నాటికి సమస్తమును సిద్ధము. ఇక మిగిలినది ముక్కున తిరుగు మూడురెక్కల పంకా యొక్కటే. దానికి నల్లరంగు వేసి, ఆరబెట్టి, ముక్కున ఉన్న ఇరుసునకు నొక్కిన చాలును. జిగురు కూడ అక్కరలేదు.

ఆరబెట్టుట ఎక్కడ? ఇచ్చటనే, ఓ శ్రోతలారా, విధి నవ్వెను.

పట్టురైతు ఇంట చంద్రిక యను వస్తువు ఉండును. అది మంచమంత వెదురుచాప. దానిమీద వెదురుబద్దలను చుట్టలుచుట్టలుగా గోడకట్టి నిలిపియుందురు. పండిన పురుగులను ఆ చుట్టల నడుమ వదిలినచో, అవి మూలమూలలు చూచుకొని గూళ్లు కట్టుకొనును. గాలి నలువైపులా ఆడును, నీడన నిలుపవచ్చును, దుమ్ము నిలువదు. రంగు వేసిన చిన్నముక్కలను ఆరబెట్టుటకు ఇంతకన్న మంచి ఆసనము ఫ్రాన్సుదేశమునకు కూడ దొరికియుండదు. చెన్నరాయప్ప వసారాతలుపు వెనుక నున్న పాతచంద్రికను చూచి మురిసి, పంకాను ఒక పంటిపుల్లకు గుచ్చి, వెదురుచుట్టల నడుమ నిలిపెను. ఆ చంద్రిక పంటపంటకును మంటతో కాల్చి శుభ్రము చేయగా నల్లబడియుండెను. పంకాయు నలుపే. నలుపులో నలుపు కలిసెను. వీరుడు నిశ్చింతగా నిదురించెను.

ఇక శనివారము. నాలుగవ జ్వరము, అనగా కడపటి కుబుసపు నిదుర, తీరి లేచిన పురుగులు వారము దినములుగా వానచప్పుడు చేయుచు ఆకులు మేసి మేసి, ఆ ప్రొద్దున ఒక్కసారిగా మేత మానెను. ఒళ్లు పసుపువన్నె తిరిగెను. తలలు పైకెత్తి, కట్టుకొనుటకు చోటేదని గాలిని అడుగసాగెను. పండుటయన్న ఇదే. ఈ ఘడియ దాటినచో పట్టు చేయి దాటును. చిక్కమ్మ పురుగులింటి ద్వారమున నిలిచి, కొప్పు ముడిచి, వీధివారందరి గుండెలదరునట్లు సింహనాదము చేసెను.

"పండినాయి! అన్నీ ఒక్కసారే పండినాయి! చంద్రికలన్నీ తీసుకోని రా, బేగ రా!"

ఇరుగమ్మలు వచ్చిరి, పొరుగమ్మలు వచ్చిరి. పురుగులను ఏరు చేతులు, బుట్టలలో మోయు చేతులు, చంద్రికల మీద చల్లు చేతులు, ఆ మహాసమ్మర్దమున ఎవరి చేయి ఎవరిదో తెలియకుండెను. ఇంట చెప్పినమాట దాటని చెన్నరాయప్ప అటకమీది చంద్రికలు దించెను, కొట్టములోనివి తెచ్చెను, చాలలేదు. "ఇంగా ఉండాయేమో చూడయ్యా!" అని ఆజ్ఞ. ఆయన పరుగున పోయి వసారాతలుపు వెనుకనున్నదానిని కూడ తలమీద పెట్టుకొని తెచ్చెను. తెచ్చి, నేలమీద పరచి, తన చేతులతోనే పండుపురుగులను పిడికిళ్లతో దానిమీద చల్లెను. అయ్యో చెన్నరాయప్పా! శత్రువు వచ్చి చేయవలసిన పనిని నీవే చేసి, పైగా చెమట తుడుచుకొంటివి గదయ్యా!

మధ్యాహ్నము కోలాహలమణగెను. చంద్రికలన్నియు నీడన వరుసగా వాలియుండెను. వీరుడు చేతులు కడుగుకొని, విమానమును ముందు పెట్టుకొని, కడపటి పని చేయుదమని వసారాతలుపు వెనుకకు చేయి చాచెను. చేతికి గోడ తగిలెను. మరల చాచెను. మరల గోడయే. అప్పుడాయనకు ప్రొద్దుటినుండి తాను తలమీద మోసినవన్నియు ఒక్కొక్కటిగా జ్ఞప్తికి వచ్చెను.

పరుగు పరుగున పోయి చంద్రికల వరుసలో ఒక్కొక్కదానిని భూతద్దముతో వెదకెను. వెదకి వెదకి, ఒకదాని మూల, కనుగొనెను. పంకా ఉన్నది. ఉన్నది గాని దానికి ప్రభువు మారినాడు. చిటికెనవ్రేలంత పండుపురుగొకటి మూడురెక్కల నడుమ సింహాసనమెక్కి, గూడుకట్టుటకు ముందు తమ కులాచారము ప్రకారము కడసారి మూత్రము విడిచి, ఆ అభిషేకజలము ఇంకను ఆరకమునుపే, తలను అటు నిటు త్రిప్పుచు దారము తీయుచుండెను. రెక్కకు ఒక పోగు, వెదురునకు ఒక పోగు, ఇరుసుమూతికి ఒక పోగు.

వీరుడు పట్టకారు దూసెను. పురుగు తల త్రిప్పెను. వీరుడు ఊదెను. పురుగు తల త్రిప్పెను. ఒక లేత మల్బరీ ఆకు తెచ్చి ఆశచూపెను. పండిన పురుగునకు ఆకుతో ఏమి పని? అది తల త్రిప్పెను. అంతట చెన్నరాయప్ప ఇట్లు పలికెను.

"ఓ కీటకచక్రవర్తీ! నిన్ను నా ఇంట పెంచినాను. నీ నాలుగు జ్వరములకును నేను మేలుకొని కాచినాను. ఇంత పెద్ద చంద్రికలో వేయిచోట్లు విడిచి, నా పంకానే ఏల కోరితివి? నీవు కట్టునది ఇల్లు. నేను కట్టునది విమానము. ఇద్దరమును అతుకుపనివారమే గదా! లే, స్వామీ, లే!"

"ఎవరితో మాట్లాడుతుండావు?" అని వెనుకనుండి చిక్కమ్మ అడిగెను.

చెన్నరాయప్ప ఉలికిపడి, పట్టకారును వీపు వెనుక దాచెను. దాచినదానివలననే ఆమెకు సమస్తమును అర్థమయ్యెను. ఆమె వంగి చూచెను.

"ఇదేంది, నీ ఇమానం ముక్కను చంద్రికలో పెట్టినావా?"

"ఆరనీకి పెట్టినాను. నేనే తెచ్చి నేనే పురుగులు చల్లినాను. దీన్ని కొంచిం పక్కన పెడితే..."

"ముట్టద్దు! కట్టే పురుగును కదిలిస్తే ఇంటికి మంచిది కాదు. మా అమ్మ కాలం నుంచి అంతే. గూడు కట్టి ముగించనీ, మెల్లగా తీసుకుందువు."

"అది ముగించేది ఎప్పుడు? రేపే ఆదివారం. రేపు పంకా లేకుండా పోతే నేను ఇంగ జిగురు ముట్టకూడదు. డెన్నిస్‌కు మాట ఇచ్చినాను."

"ముట్టకపోతే పాయె. జిగురేమన్నా అన్నం పెడతాదా?"

వీరుడు తలవంచుకొని నిలుచుండెను. చిక్కమ్మ ఆయన మొగము వంక చూచి, చంద్రిక వంక చూచి, మరల మొగము వంక చూచెను.

"ఏడుస్తుండావా?"

"లేదు. ఫ్యాక్టరీ వదిలినాక నేను సొంతంగా చేసిన పని ఇదొక్కటే చిక్కమ్మా. మిగిలినదంతా నువ్వు చెప్పింది మోసినానంతే. మోసేది తప్పని నేననలేదు. కానీ నా చేతులు ఇంగా సాగుతుండాయని చూసుకోవాలని ఉండె."

ఈ మాట విని పురుగులింటి మహారాజ్ఞి గుండె కలుక్కుమనెను. ఆమె తన పమిటచెంగుతో మొగమును ఒకసారి తుడుచుకొనెను. తుడుచుకొని, రాజ్యములు చేతులు మారునపుడు పలుకవలసిన గంభీరస్వరముతో పలికెను.

"పురుగును ముట్టద్దు. వెదురుకు కట్టిన పోగులు మాత్రం కోసి, పంకాతోనే పెకిలించు. ఇమానానికి తగిలించు. పురుగు దాని మీదనే కట్టుకోనీ. కానీ ఒక్క మాట. నా పురుగు యాడికి పోతే నేను ఆడికి వస్తా."

తరువాత జరిగినది వినుడు. చెన్నరాయప్ప ఊపిరి బిగబట్టి, కనురెప్ప వాల్చక, సన్నకత్తెరతో ఒక్కొక్క పోగును కోసెను. పురుగు ఒక పోగు తీయును. వీరుడు ఒక పోగు కోయును. అది మరల వెదురునకు కట్టును, ఇతడు మరల కోయును. ఇరువురును పనివారే, ఇరువురును మొండివారే. చిట్టచివరకు పంటిపుల్ల కదలెను, పంకా లేచెను, దానిపై పురుగు ఏమియు జరుగనట్లే తల త్రిప్పుచుండెను. విమానపు ముక్కు దగ్గరకు తెచ్చి నొక్కగా, "టక్" అని ఒక చిన్న చప్పుడయ్యెను. ద్వాతీన్ సంపూర్ణమయ్యెను. చిక్కమ్మ ఒక నిట్టూర్పు విడిచి, "సరే, ఇంగ దానికి గాలి తగలకుండా అట్టపెట్టె వెతుకు" అనెను.

ఆదివారము దండయాత్ర మొదలయ్యెను. మూత తెరచిన అట్టపెట్టెలో విమానము, పెట్టె చిక్కమ్మ ఒడిలో, చిక్కమ్మ బస్సు కిటికీ దగ్గర, వీరుడు ప్రక్కన. శ్రీనివాసపురం దాటగనే ముందుసీటు పెద్దమనిషి యొకడు జేబునుండి తలనొప్పిమందు డబ్బీ తీసి నుదుట రుద్దుకొనబోయెను. మూత ఇంకను పూర్తిగా తిరుగలేదు.

"ఏమప్పా, ఆ డబ్బీ లోపల పెట్టు!"

"తలకాయ నొప్పి అమ్మా."

"నీకు తలకాయ నొప్పి. ఈడ పురుగు గూడు కడుతుండాది. కోలారులో దిగి రుద్దుకో."

ఆయన పెట్టెలోనికి తొంగిచూచెను. విమానము కనబడెను. విమానమునకు ముందు పురుగు కనబడెను. తన తలనొప్పి ఎంతదూరము ముదిరినదో తెలియక, భయపడి, డబ్బీని జేబున వేసికొని, కోలారు వరకు వెనుదిరిగి చూడలేదు.

చాంపియన్ రీఫ్స్ సభామందిరమున పొడుగుబల్లమీద విమానములు బారులు తీరియుండెను. వాటి నడుమ డెన్నిస్ చేసిన ఆంగ్లేయ యుద్ధవిమానము మిసమిసలాడుచుండెను. చర్చినుండి అప్పుడే వచ్చిన డెన్నిస్ తెల్లచొక్కాతో, దువ్విన మీసముతో, మందిరమంతయు నిండిన సెంటువాసనతో, చేతులు చాచి ఎదురేగెను.

"వచ్చినావా చెన్నా! రారా, యాడ నీ ద్వాతీన్? చూపించు!"

"ఆడే నిలబడు డెన్నిసప్పా!" అని చిక్కమ్మ పెట్టెకు అడ్డముగా చేయి చాచెను. "ఇంత సెంటు పూసుకోని దీని కాడికి రాకూడదు."

"అక్కా, ఈరోజు సండే. మాస్‌కు పోయొచ్చినా."

"దేవుని కాడికి సెంటు పూసుకోని పో, ఆయన ఏమనుకోడు. పురుగు కాడికి మాత్రం వద్దు."

ఏ పురుగో, ఎక్కడి పురుగో డెన్నిస్‌కు అంతుపట్టలేదు. అయినను చిక్కమ్మతో వాదించుటకంటె నీళ్లు చల్లన. అతడు బయటి కొళాయి వద్ద మొగము, మెడ, చేతులు రుద్ది రుద్ది కడుగుకొని, చొక్కా విప్పి అచ్చటి గోడమేకునకు తగిలించి, బనీనుతో, నీళ్లుకారుచు తిరిగివచ్చెను. చిక్కమ్మ వాసన చూచి "ఊఁ" అనెను. అంతట పరీక్ష మొదలయ్యెను.

డెన్నిస్ భూతద్దము పట్టి, ఫిట్టరు కళ్లతో, తోకనుండి ముక్కువైపునకు చూచుచు వచ్చెను. తోకమీది మూడురంగుల చారలు సరే. వైరులెస్సు కమ్మి సరే. సీటుపట్టీలు, గురిచూచు అద్దము, రెక్కల తుపాకులు, చక్రముల తలుపులు, అన్నియు సరే. చూచుకొలదియు అతని మీసము క్రిందికి వ్రాలుచుండెను. ముక్కువద్దకు వచ్చి ఆగెను. అచ్చట రాత్రికి రాత్రి పురుగు తన పనిని సగముదాక తెచ్చియుండెను. తెల్లని గూడొకటి పంకాకు అంటుకొని నిలిచియుండగా, దాని ప్రక్కన నల్లని రెక్కలు రెండే కనబడెను.

"చెన్నా, ఇది త్రీ బ్లేడ్ గదా. రెండే ఉండాయి. మూడోది యాడ?"

"గూట్లో ఉండాది."

"గూట్లో ఉండేది నాకేం తెలుసు? కోసి చూపించు."

గూడు కోసినచో పురుగు పోవును. కోయకున్నచో మాట పోవును. చెన్నరాయప్ప జేబులోని సన్నకత్తెర మీద చేయి వేసెను. అప్పుడు, ఓ శ్రోతలారా, బస్సులో ఒక తలనొప్పి డబ్బీని సైతము క్షమింపని చిక్కమ్మ, గూటి వంక చూడక, భర్త వంక చూచి, మెల్లగా ఇట్లనెను.

"కోసెయ్యి. ఒక్క పురుగే గదా. నీ పని చెడిపోకూడదు."

వీరుడు ఆమె మొగమును చూచెను. ఆమె ఆ మాట ఎంత కష్టపడి అనినదో ఆయనకు తెలిసెను. ఆ క్షణమున ఆయనకు తన విమానముకన్న ఆమెమీదనే ప్రేమ పొంగెను. జేబునుండి చేయి వట్టిదే వెలికివచ్చెను.

"కోయను. అది చేసేది సగంలో ఉండాది. పనిలో ఉండేదాన్ని ఎట్ల కోసేది? ఓడిపోయినాననుకో డెన్నిస్. ఇంగ జిగురు ముట్టను."

డెన్నిస్ మిత్రుని చూచెను, గూటిని చూచెను. పిదప తడిచేతులను బనీనుకు తుడుచుకొని, విమానమును మెల్లగా కిటికీవైపునకు జరిపెను. ఎండ వచ్చి గూటిమీద పడెను. ఒక్కరాత్రి గూడు. గోడ ఇంకను పలుచన. వెలుతురు లోనికి చొరబడగా, పాలగాజు వెనుకనున్న దీపమువలె గూడంతయు వెలిగెను. లోపల పురుగు తల అటు నిటు ఆడుచుండెను. దాని వెనుక, నిట్టనిలువుగా, నల్లగా, కొనదేరి, మూడవ రెక్క.

డెన్నిస్ భూతద్దము దించి, గొంతు సవరించుకొనెను.

"నేను ఫిట్టర్‌నప్పా. కన్ను చూసినదే చెప్తా. మూడోది ఉండాది. దాని మీద ఆపరేటర్ కూడా డ్యూటీలో ఉండాడు. పార్ట్ తగ్గలేదు, ఒకటి ఎక్కువే ఉండాది."

జయము! జయము! సూక్ష్మాతిసూక్ష్మవస్తుసంధానధురంధరునకు జయము! రాజ్యములు గెలిచినవారుందురు, కోటలు కూల్చినవారుందురు. గౌనిపల్లి చెన్నరాయప్ప మాత్రము, బొటనవ్రేలంత ప్లాస్టిక్కు రెక్క యొకటి ఉన్నదని, బనీను తొడిగిన ఒక మనిషిచేత ఒప్పించెను. డెన్నిస్ ఆయనను కౌగిలించుకొనబోగా చిక్కమ్మ "చొక్కా వేసుకోనీ ముందు, జలుబు చేస్తాది" అనెను. చొక్కా వేసికొన్నచో సెంటు గనుక, ఆ కౌగిలింత బనీనుతోనే జరిగిపోయెను.

సాయంకాలము తిరుగుబస్సు క్రిక్కిరిసియుండెను. కండక్టరు దయదలచి ఒక్క సీటు ఇప్పించెను. అందులో చిక్కమ్మ కూర్చొనెను, ఆమె ఒడిలో ద్వాతీన్ కూర్చొనెను, ద్వాతీన్ ముక్కున గూటిలో పురుగు కూర్చొనెను. విజేత కమ్మి పట్టుకొని, మలుపుమలుపునకు ఊగుచు, చెప్పరానంత సంతోషముతో, గౌనిపల్లి దాక నిలబడియే వచ్చెను.